వాల్తేరు గ్రామమున విశ్వవిద్యాలయము

విశ్వవిద్యాలయ మనిన మాట వినగానే మనవారిలో పలువురకు మహానగరము కండ్లయెదుట నిలుచును. చెన్నపురి, కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయములు మూడును 1857లో పుట్టినవి. మూడును రేవుపట్టణములలోనే పుట్టినవి. మొదట నవి పరీక్షలు జరిపి పట్టములిచ్చు కార్యాలయములే గాని పాఠము చెప్పు పాఠశాలలు కావు. ఆ యలవాటు మన మనస్సులలో గాఢముగా నాటుకొని, పెద్ద చదువునకు పెద్ద యూరే తగినదను తలపు మనలో నిలిచిపోయినది. రవీంద్రుడు బోల్పూరు చెంత నెఱ్ఱమట్టి మైదానమున 1921లో విశ్వభారతిని నెలకొల్పెననియు, 1929లో చిదంబరమను గుడి యూరిలో అణ్ణామలై విశ్వవిద్యాలయము వెలసెననియు జ్ఞప్తి చేసికొన్నపుడు గాని యీ తలపు సడలదు. ఆంధ్రుల పేరు పెట్టుకొని పుట్టిన మొదటి విశ్వవిద్యాలయము సయితము సముద్రపు టొడ్డున నొక చిన్న గ్రామమున స్థిరపడినది. ఆ గ్రామము వాల్తేరు.

ఇటీవల మే మా గ్రామమును జూడబోయితిమి. మాది నందికొట్కూరు. కర్నూలునకు తూర్పుగా ముప్పది కిలోమీటర్లకు లోపున నున్న యూరు. 2022 నుండి నంద్యాల జిల్లాలోనిది. నల్లరేగడి నేల, జొన్న, శనగ, నాపరాతి బండల యిండ్లు మాకు పుట్టినప్పటినుండి యెఱిగినవి. నీరనిన మాకు కర్నూలు - కడప కాలువయే. దానిని పందొమ్మిదవ శతాబ్దిలో నొక ఇంగ్లీషు కంపెనీ త్రవ్వించి, లాభము గానక, 1882లో ప్రభుత్వమునకు విడిచిపెట్టినది. మా యూరికి రైలు లేదు. సముద్రము మాటకేమి, మా పెద్దలలో దానిని జూడక కన్నుమూసినవారే యెక్కువ.

మాతో మా చెల్లెలి కూతురు వచ్చినది. డిగ్రీ ముగించిన పిల్ల. సముద్రశాస్త్రము చదువవలెనని పట్టు పట్టియున్నది. ఆ శాస్త్రమునకు మన దేశమున తొలి పీఠములలో నొకటి వాల్తేరుననే యేర్పడినది. 1952లో అమెరికానుండి లఫాండ్ అను సముద్రశాస్త్రజ్ఞుడు వచ్చి యచ్చటి యధ్యాపకులతో గలసి పనిచేయుటతో నా శాఖకు బలము గలిగినది. రైలులో నా పిల్ల మమ్మడిగిన ప్రశ్నయే యీ వ్యాసమునకు గారణము. "మామా, ఈ చదువు మన పక్క ఎందుకు లేదు?" అని యడిగినది. మన ప్రక్క సముద్రము లేదు గనుక నని నవ్వితిమి. "సముద్రం చదువు సరే, తక్కిన చదువులకు ఏమొచ్చె?" అని మరల నడిగినది. ఆ మాటకు నవ్వు చాలలేదు.

ఈ ప్రయాణము నేడొక పగలు, ఒక రాత్రిలో ముగియును. 1930 ప్రాంతమున మా తాలూకా విద్యార్థి యొకడు వాల్తేరునకు బోదలచినచో బండిమీదనో మోటారుబస్సులోనో కర్నూలుకో నంద్యాలకో చేరవలెను. అచ్చటినుండి మీటరుగేజి రైలులో నల్లమల కొండలు దాటి బెజవాడకు బోవలెను. బెజవాడలో దిగి పెట్టె బేడ మోసికొని బ్రాడ్‌గేజి బండి యెక్కవలెను. రాజమహేంద్రవరమున 1900లో ముగిసిన గోదావరి వంతెన దాటి, తుని కొండలు దాటి, పిమ్మట వాల్తేరు స్టేషను చూడవలెను. కర్నూలు వారికి వాల్తేరుకంటె చెన్నపురి దగ్గర. ఈ యొక్క సంగతిని చదువరులు మనస్సున నుంచుకొనిన, ముందు చెప్పబోవు తగవులలో సగము తేటపడును.

వాల్తేరనిన నొకటి గాదు, రెండు. పెదవాల్తేరు మిట్టమీద, చినవాల్తేరు కడలివైపున. పెదవాల్తేరున కరకచెట్టు పోలమాంబ గ్రామదేవత. కడలియొడ్డున జాలరుల పేటలు. కంపెనీ కాలమున విశాఖపట్టణపు దొరలు కోటలోని యుక్కకు దాళలేక యీ మిట్టమీద గాలికై బంగళాలు కట్టుకొనిరి. అందుచేతనే పట్టణపు రైలుస్టేషనుకు గూడ వాల్తేరని పేరు పడి చిరకాలము నిలిచినది. కావున విశ్వవిద్యాలయము వచ్చునప్పటికి వాల్తేరు ఒకవైపున దొరల మిట్ట, ఒకవైపున పల్లెవాండ్ర యూరు. ఎఱ్ఱమట్టి, తాటిచెట్లు, జీడిమామిడి, సరుగుడు. వానిమధ్య నుండి దిగువకు జూచిన నీలిసముద్రము, దక్షిణమున డాల్ఫిన్ ముక్కు వంటి కొండ.

ఇచ్చటికి విశ్వవిద్యాలయము వచ్చుట సులభముగా జరుగలేదు. 1913లో బాపట్లలో మొదటి యాంధ్ర మహాసభ జరిగినది మొదలు ప్రత్యేక రాష్ట్రమెంతో ప్రత్యేక విశ్వవిద్యాలయము నంత యని మనవారు గోరుచుండిరి. 1925లో విద్యామంత్రి ఏ. పి. పాత్రో చెన్నపురి శాసనసభలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు చట్టమును నెగ్గించిరి. 1926 ఏప్రిల్ 26న సంస్థ బెజవాడలో వెలసినది. మొదటి యుపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో పుట్టి, కేంబ్రిడ్జిలో చదివి, మైసూరు సంస్థానపు విద్యాశాఖలో పనిచేసి వచ్చినవారు. అనంతపురము చెఱువుకట్టను గూర్చిన కథను కావ్యముగా వ్రాసి పేరుపొందిన ముసలమ్మ మరణము వారిదే. కరవుసీమ మనిషి కోస్తా విద్యకు దొరయయ్యెనని కొందఱాడిరి; ఆయన నెఱిగినవారు మాత్రము నట్లనలేదు.

అటు పిమ్మట తలయెత్తినది స్థలవివాదము. బెజవాడ రైలుకూడలి, రాజమహేంద్రవరము పాతచదువుల పట్టణము, విశాఖపట్టణమున 1923 నుండి వైద్యకళాశాల. మా వైపున అనంతపురమున 1916 నుండి సర్కారు దత్తమండల కళాశాల. ప్రతి యూరివారికిని తమ యూరే దేశమధ్యమని తోచినది. పంచాంగకర్తలవలె మ్యాపులు గీసి వాదించిరి. తుదకు 1930 సెప్టెంబరులో కార్యస్థానము వాల్తేరునకు మాఱినది. అచ్చట రేవు నిర్మాణము సాగుచుండెను. 1933 అక్టోబరు 7న జలదుర్గ యను నోడ యా రేవున మొదటిదిగా ప్రవేశించినది. మిట్టనేల, ఆరోగ్యకరమగు గాలి, విస్తారమగు స్థలము, చెంతనే వైద్యకళాశాల. ఇవి చిన్న కారణములు గావు. కాని యాంధ్రదేశపు పటమును ముందు పెట్టుకొనిన, ఈశాన్యపు మూలకు జరిగిన దీపము నైరృతి మూల కెంత వెలుగిచ్చును?

ఈ తీర్పు కోస్తావారి స్వార్థమొక్కటే యని మా వైపున ననుట పరిపాటి. మా కంతమాత్రము చాలదు. ధవళేశ్వరపు టానకట్ట 1852లోను, కృష్ణ యానకట్ట 1855లోను ముగిసినవి. నీరు వచ్చినచోట వరి వచ్చినది; వరి వచ్చినచోట ధనము; ధనము వచ్చినచోట పాఠశాల. మచిలీపట్టణమున నోబుల్ పాఠశాల 1843 నాటిది. రాజమహేంద్రవరము, విజయనగరము పందొమ్మిదవ శతాబ్దిలోనే కళాశాలలు పొందినవి. మాకు సర్కారు కళాశాల 1916 దాక రాలేదు. విశ్వవిద్యాలయ సభలలో పట్టభద్రు లెక్కువ యున్న జిల్లాల మాటకు బలమెక్కువ. చదువు లేనందున మాట లేదు. మాట లేనందున చదువు రాలేదు. ఈ చక్రము నెవ్వరో యొకరు కుట్రపన్ని త్రిప్పనక్కఱ లేదు. దానంతట నదే తిరుగును.

మాకు దత్తమండలములను పేరెట్లు వచ్చెనో యిచ్చట నొకమాట చెప్పవలెను. 1800లో నిజాము కంపెనీవారికి బళ్లారి, కడప సీమలను ధారపోసెను గనుక నా పేరు. మా నందికొట్కూరు మాత్రము 1839లో కంపెనీవారు పదభ్రష్టుని జేయువఱకు కర్నూలు నవాబు నేలుబడిలోనే యుండెను. ఎవ్వరో యెవ్వరికో యిచ్చివేసినదను నర్థమున్న యా పేరు తలవంపుగా నుండెను. 1928 నవంబరులో, మాకు పొరుగుననే యున్న నంద్యాలలో, ఆంధ్ర మహాసభ జరిగినపుడు దత్తమండలముల సభయు జరిగినది. అందు అనంతపురము కళాశాల యుపన్యాసకులు చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ యను పేరును సూచించిరి, సభవారంగీకరించిరి. ఆయన పుట్టినది శ్రీకాకుళ ప్రాంతమున. సీమకు పేరు పెట్టినవాడు కళింగపు బిడ్డయగుట మా వైపు వాదులాటలలో నెవ్వరును జ్ఞప్తికి దెచ్చుకొనరు. ఆ మహాసభకు నధ్యక్షత వహించినవారు సర్వేపల్లి రాధాకృష్ణగారు. మూడేండ్లు తిరుగకముందే, 1931లో, వారే వాల్తేరునకు నుపాధ్యక్షులై వచ్చిరి. ఉప్పు సత్యాగ్రహము నాటి సర్కారు నిర్బంధములకు నిరసనగా రామలింగారెడ్డిగారు పదవి విడిచిన పిమ్మటి సంగతి యిది.

ఇంతలో మా సీమ కళాశాలలు వాల్తేరును వదలి చెన్నపురి విశ్వవిద్యాలయమునకే మరల చేరినవి. దీనిని మాలో కొందఱు గెలుపని యెంచిరి. మాకట్లు తోచదు. దగ్గర యను లాభము నిజమే. కాని చెన్నపురిలో తెలుగు పిల్లవాడు పలువురలో నొకడు, వాల్తేరున నింటివాడు. అలిగి పంక్తినుండి లేచిన వానికి విస్తరి యెవ్వరును దాచి యుంచరు. 1937 నవంబరు 16న చెన్నపురిలో కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగ్ అను గృహమున నుభయప్రాంతముల పెద్దలు కూర్చుండి యొడంబడిక వ్రాసికొనిరి. కృష్ణ, తుంగభద్ర, పెన్న జలములందు సీమకు ప్రాధాన్యము, రాజధాని - హైకోర్టులందు పాలు అను షరతులతోబాటు, విశ్వవిద్యాలయమునకు వాల్తేరున నొకటి, అనంతపురమున నొకటి, రెండు కేంద్రము లుండవలెనని యందు గలదు. ఆ మాట కాగితముపైనే యుండెను.

వాల్తేరున మాత్రము చదువు సాగినది, బహు చక్కగా సాగినది. దానిని జెప్పక విడుచుట న్యాయము గాదు. రాధాకృష్ణగారు దేశము నలుమూలలనుండి యువకులను బిలిపించిరి. తరువాత కేంద్రమంత్రియైన హుమాయూన్ కబీరు, పార్లమెంటులో కమ్యూనిస్టుల గొంతుకగా పేరొందిన హిరేన్ ముఖర్జీ తమ యౌవనమున నిచ్చట పాఠములు చెప్పినవారే. 1933లో రవీంద్రుడు వచ్చి మానవుని గూర్చి యుపన్యసించెను. జయపురపు మహారాజు విక్రమదేవవర్మ యేటేట లక్షరూపాయ లిచ్చుచుండెను. సైన్సు కళాశాలకు వారి పేరే పెట్టిరి. జయపుర మిప్పుడు ఒడిశాలోనిది; ఆ రాజు తెలుగునను, ఒడియాలోను పండితుడు. ఒక యడవిసీమ రాజు తన ధనముతో సముద్రతీరమున రసాయనశాలలు నిలిపినాడన్నమాట. 1936లో రామలింగారెడ్డిగారు మరల వచ్చి 1949 వఱకు నుండిరి.

ఇచ్చట చదివినవారిలో నొక్కరిని మా సీమవారు గుర్తుంచుకొనవలెను. గణాంకశాస్త్రమున ప్రపంచమెల్ల నెఱిగిన సి. ఆర్. రావుగారు 1920లో బళ్లారి జిల్లా హడగలిలో పుట్టిరి. దత్తమండలపు బిడ్డయే. వాల్తేరున 1940లో గణితమున ఎం.ఏ. పట్టమును ప్రథమస్థానమున బొంది కలకత్తాకు బోయి, 2023లో నూఱేండ్లు దాటి పరమపదించిరి. హడగలి పిల్లవాడు వాల్తేరున కెట్లు చేరెను? తండ్రి పోలీసు ఉద్యోగి, ఊరూర బదిలీలు, ఉద్యోగము ముగిసిన పిమ్మట నా కుటుంబము విశాఖపట్టణమున కాపురము పెట్టినది. బడి యింటికి రానందున నిల్లే బడికి బోయినది. అట్లు పోగలిగిన యింటివారెందఱు? హడగలిలోనో నందికొట్కూరిలోనో నాటినాడు లెక్కలలో దిట్టలైన మఱికొందఱు పిల్లలు పుట్టియుండరా? వారి తండ్రులకు బదిలీలు లేవు, సేద్యము గలదు; సేద్యము నెత్తికొని పోలేము.

ఆడుపిల్లల మాట వేఱు. దుర్గాబాయమ్మగారు (తరువాత దేశ్‌ముఖ్) సత్యాగ్రహమున జైళ్లకు బోయివచ్చి, కాశీనుండి మెట్రిక్కు మొదలగు పరీక్షలు నెగ్గి, రాజనీతి చదువవలెనని వాల్తేరునకు వచ్చిరి. స్త్రీలకు వసతిగృహము లేదు గనుక చేర్చుకొనజాలమని యుపాధ్యక్షులు చెప్పిరి. ఆమె వెనుదిరుగక పత్రికలలో ప్రకటన వేయించి, చదువగోరు కన్యలను గూర్చి, తామే యొక వసతిగృహ మేర్పఱచి, వసతి కలదు గదా, ఇప్పుడు చేర్చుకొనుడని మరల నిలిచిరి. చేర్చుకొనక తప్పలేదు. రామలింగారెడ్డిగారు స్త్రీవిద్యకు విరోధులు గారు. గదులు లేవన్నది నిజమే. కాని గదులు లేవను నిజము వంటి యడ్డంకి మఱియొకటి లేదు. అది యెవ్వరిని దూషింపదు, ఎవ్వరిపై కోపింపదు, ఎవ్వరిని లోపలికి రానీయదు. దుర్గాబాయమ్మగారికి పట్టుదల యుండెను. పట్టుదల లేని సామాన్యపు పిల్లకు, పదునెనిమిదేండ్ల పిల్లకు, ముందుగ గది యుండవలెను. మన యిండ్లలో తల్లులు మొదట నడుగునది పాఠ్యప్రణాళికను గాదు. రాత్రి తలుపు గడియ యెట్లుండునని యడుగుదురు. ఆ ప్రశ్నను పాతకాలపు భయమని మే మెన్నడును నవ్వము.

1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసినవి. పట్టణము ఖాళీయైనది. విశ్వవిద్యాలయము కొంతకాలము గుంటూరునకు తరలి, యుద్ధము ముగిసిన పిమ్మట మరల మిట్ట నెక్కినది. ఇచ్చట మా కొక సందేహము. అత్యవసరమైనపుడు పీఠమును గ్రంథములతో, అధ్యాపకులతో మూటగట్టి మఱియొక యూరికి దీసికొనిపోవచ్చునని యప్పుడు ఋజువైనది గదా. ఐదేండ్లక్రిందటనే సంతకములైన యొడంబడికలో రెండవ కేంద్రముగా పేరున్న యనంతపుర మెవ్వరి జ్ఞప్తికైనను వచ్చెనో లేదో.

తరువాతి కథ మన మెఱిగినదే. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడి కర్నూలు రాజధాని యైనది. మూడేండ్లకే హైదరాబాదునకు బోయినది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసి, సీమ కళాశాలలు చెన్నపురి నుండి యచ్చటికి వచ్చినవి. శ్రీబాగున పేరు వ్రాసిన యనంతపురమునకు శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము 1981లో గాని రాలేదు. వ్రాతకును చేతకును నడుమ నలువదినాలుగేండ్లు. కడపకు 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయము, కర్నూలునకు 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయము. నేడు నందికొట్కూరిలోనే డిగ్రీ కళాశాల యున్నది. మా చెల్లెలి కూతురు తన యింటి కెదురుగ నున్న వీధినుండియే డిగ్రీకి బోయివచ్చినది. ఆమె తల్లికి నా వయస్సున నది లేదు.

వాల్తేరున మేము రెండు దినము లుంటిమి. రాతికట్టడపు పాత భవనములు, వి. ఎస్. కృష్ణగారి పేర నున్న గ్రంథాలయము, చెట్లనీడ బాటలు చూచితిమి. మా మనస్సు మాత్రము పెదవాల్తేరు సందులలో దిరిగినది. గ్రామమను రూపమిప్పుడు లేదు. ఎత్తయిన యంతస్తుల నడుమ సన్నని వీధులు, అమ్మవారి గుడి, పూలదుకాణములు మిగిలినవి. శ్రీశైలము జలాశయమున మా పాత తాలూకా పల్లెలు పెక్కు మునిగినవి. వానికి నీరు వచ్చినట్లు వాల్తేరునకు నగరము వచ్చినది. మునుగుట రెంటికిని సమానమే, పేరొకదానికి మిగిలినది. గుడిచెంత గట్టుపై గూర్చున్న యొక వృద్ధుని, విశ్వవిద్యాలయమున మీ యూరివారు చదివిరా యని యడిగితిమి. "మా ఇంట్లోన మా మనవడే బాబూ, ముందుగాల సదువుకి ఎల్లినాడు. మేమంతా పనికే ఎల్లీవోళ్లం" అని యాయన చెప్పినాడు. తోటపని, సున్నపుపని, కాపలా, హోటలు. గోడ యివతలినుండి గోడ యవతలికి విద్యార్థిగా బోవుటకు మూడు తరములు పట్టినది. దూరమును మేము కిలోమీటర్లతో గొలుచుచుంటిమి; ఆయన గొలిచిన కొల మఱియొకటి.

మా పిల్ల సముద్రపు టొడ్డున చెప్పులు చేతబట్టుకొని యలలలో నడచినది. ఆ శాస్త్రమునకు ప్రవేశపరీక్ష వ్రాయవలసి యున్నది. స్త్రీల వసతిగృహమును బయటినుండి చూచివచ్చితిమి. గేటువద్ద కాపలా స్త్రీ మా ప్రశ్నల కన్నింటికి నోపికతో సమాధానము చెప్పినది. ఇంటికి వచ్చినపిమ్మట మా చెల్లెలు కాగితముపై రెండు వరుసలు వేసి, సంక్రాంతి సెలవులలో పిల్ల రైలు దిగి కర్నూలున బస్సెక్కి నందికొట్కూరు చేరుటకు నెన్ని గంటలగునో, రాత్రి ప్రయాణ మెంతభాగమో లెక్కించుచున్నది. మా బావగా రింకను మాటాడలేదు.